మా నాయన పెట్టని బొట్టు

మదనపల్లెలో మా అన్న టమోటా మండీకి వెళ్ళినవాళ్ళకు ఆయన కుర్చీ వెనక గోడమీద ఒక ఫోటో కనిపిస్తుంది. ఫోటోలో దేవుడు లేడు, మా నాయన కూడా లేడు. మూత తీసిన ఒక రేకు డబ్బా, దాని లోపల నూనెలో తడిసిన పళ్ళచక్రం, ఆ చక్రం అంచున ఒక ఎర్రటి చుక్క ఉంటాయి. దానికి రోజూ పూలు పెడతారు, ఊదుబత్తి వెలిగిస్తారు. కొత్తగా కాయలు తెచ్చిన రైతు ఎవరైనా ఇదేమిటని అడిగితే మా అన్న గొంతు తగ్గించి, "మా నాయన సేత్తో పెట్టిన బొట్టప్పా. ఇన్నేండ్లు నూనెలో నానినా చెరగలేదు" అంటాడు. రైతు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంటాడు.

ఆ చుక్క నా గోళ్ళ రంగు.

మా నాయన పుంగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. సోమల వైపు పల్లెలన్నీ తిరిగి ఆవులకు సూదులు వేసి రావడం ఆయన పని. అందుకని మదనపల్లె నుంచి తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఇంగ్లండులో తయారైన పాత మోటారు సైకిలు తీసుకున్నాడు. నాకు బుద్ధి తెలిసేనాటికే అది ముసలిది. మా నాయన దాన్ని 'ఇంగ్లండు బండి' అనేవాడు. మా అన్న మటుకు మొదటినుంచీ 'నాయన బండి' అనేవాడు, ఆయన బతికుండగానే వాటా రాయించుకుంటున్నట్టు. గ్రీజు అంటుకుంటుందని దాని దగ్గరికి వచ్చేవాడు కాదు. సినిమాకు వెళ్ళాలంటే మటుకు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, తుడిచి పెట్టిన బండి ఎక్కి పోయేవాడు.

తుడిచేది నేను. పానాలు అందించేది నేను. ఇంటర్ చదువుతున్న పిల్ల మగరాయుడిలా బండి పక్కన కూర్చుంటుందని వీధిలో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. వాళ్ళ మొగుళ్ళలో ఒక్కడికీ సైకిలు చైను పడిపోతే ఎక్కించడం చేతకాదు. అటువంటి ఇళ్ళ నుంచి మాకు బుద్ధులు వచ్చేవి.

ఆ బండికి రెండు చైన్లు. బయట కనిపించే చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఇంకొకటి లోపలి చైను. అది ఎడమవైపు రేకు డబ్బాలో, నూనెలో ఉంటుంది. ఇంజను బలాన్ని క్లచ్చి చక్రానికి చేర్చేది అదే. అది వదులైతే రేకుకు కొట్టుకుని గలగలమంటుంది. బిగువైతే చప్పుడు చేయదు, కానీ ఇటు ఇంజను ఇరుసునూ అటు గేరుబాక్సు ఇరుసునూ లాగి లాగి బేరింగులను తినేస్తుంది. చప్పుడు చేసే జబ్బు చిన్నది, చప్పుడు చేయని జబ్బు పెద్దది. ఇది మా నాయన నాకు చెప్పిన మొదటి పాఠం. చప్పుడు ఆగితే బాగైపోయిందనుకునేవాళ్ళకు ఈ లోకంలో కొదవ లేదు. వాళ్ళలో ఒకడు మా ఇంట్లోనే పుట్టాడు.

బిగించాలంటే గేరుబాక్సునే కొంచెం వెనక్కి జరపాలి. జరిపాక బయటి చైను వదులవుతుంది గనుక దాన్నీ మళ్ళీ సరిచేయాలి. రేకు డబ్బాకు పైన ఒక గుండ్రటి మూత ఉంటుంది. అది తీసి వేలు పెట్టి చైను ఎంత ఆడుతుందో చూడాలి. మా నాయన వేళ్ళు లావు. ఆవుల నోళ్ళు తెరిచి తెరిచి అలా అయ్యాయి. అందుకని వేలు నాది, లెక్క ఆయనది. ఆయన గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పేవాడు, నేను లోపల చైను మీద వేలు ఆనించి 'వదులు, వదులు, బిగువు' అని చెప్పేదాన్ని.

ఎందుకంటే మా బండి క్లచ్చి చక్రం సరైన గుండ్రం కాదు. వయసు మీద ఒక పక్కకు ఒరిగింది. ఒక చుట్టులో ఒకచోట చైను బిగుసుకునేది, మిగతా చుట్టంతా వదులుగా ఉండేది. ఎప్పుడు చూసినా ఆ బిగువు చోటే చూసి సరిచేయాలి. అక్కడ సగం వేలి మందం ఆడితే చాలు, మిగతాచోట్ల ఎంత గలగలమన్నా పట్టించుకోకూడదు. ప్రతిసారీ ఆ చోటు వెతకడం విసుగు పుట్టి ఒక ఆదివారం మా నాయన, "మ్మా, ఆడొక గుర్తు పెట్టాలబ్బా. పెయింటు నూనెలో నిలబడదు" అన్నాడు. నేను ఇంట్లోకి పోయి గోళ్ళ రంగు సీసా తెచ్చాను. ఎర్రటి ఎరుపు. పుంగనూరు సంతలో కొన్నది. మా నాయన చక్రం అంచు పెట్రోలు గుడ్డతో తుడిచి పట్టుకుంటే నేను చుక్క పెట్టాను. ఆరేదాకా ఇద్దరమూ ఊదాము. "నీ గోళ్ళు ఈ పనికి పనికొచ్చినాయి" అని ఆయన నవ్వాడు. నాతో ఆయన అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత మాకు పని తేలికైంది. మూత తీయడం, ఎర్రచుక్క మూత కిందికి వచ్చేదాకా చక్రం తిప్పడం, వేలు పెట్టడం. అంతే.

తొంభైల చివర్లో నాకు కుప్పం రైల్వే స్టేషనులో టికెట్లిచ్చే ఉద్యోగం వచ్చింది. ఆ మరుసటి ఏడే మా నాయన పోయాడు. కర్మలు అయిన మర్నాడే మా అన్న బండిని లారీలో వేసుకుని మదనపల్లె తీసుకుపోయాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. 'కొడుకు కదా' అన్నారు బంధువులు. బండి నడపడానికి ఏం తెలియాలో దానికీ కొడుకుగా పుట్టడానికీ ఏం సంబంధమో ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ బండి నాకు కావాలి. ఆ బండికి నేను కావాలి. రెండోది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా అన్నకు బండి నడపడం కంటే దాన్ని మండీ ముందు నిలబెట్టడం ఇష్టం. అయినా అప్పుడప్పుడు తొక్కి అంగళ్ళు అనే పక్క ఊరి దాకా పోయి వచ్చేవాడు, అక్కడి కాలేజీ పిల్లలు తిరిగి చూస్తారని. అలా తిరుగుతుండగా లోపలి చైను వదులై గలగలమనడం మొదలైంది. అప్పుడు తగిలాడు ఆయనకు మదనపల్లెలో ఒక మెకానిక్కు. 'పాత బండ్ల డాక్టరు' అని బోర్డు పెట్టుకున్నాడు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళిన బండి ఏదీ వెళ్ళినప్పటి కంటే బాగై రాలేదు. కానీ అతను మాట్లాడే తీరు వింటే ఇంగ్లండు వాళ్ళే వచ్చి అతని దగ్గర నేర్చుకున్నారేమో అనిపించేది.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చూడకుండానే ముందుగా డబ్బాలో మందపాటి గేరు ఆయిలు పోశాడు. చప్పుడు తగ్గింది. క్లచ్చి జారిపోయి బండి ఎత్తు ఎక్కడం మానేసింది. ఆ ఆయిలు తీసి పలచటిది పోస్తే డబ్బా అతుకుల్లోంచి కారింది. కారేచోట బట్టల సబ్బు మెత్తగా చేసి పూశాడు. వాన పడిన రోజు మండీ ముందు నురగ వచ్చింది. ఇవన్నీ మా అన్న నాకు ఫోనులో గొప్పగా చెప్పేవాడు, పెద్ద వైద్యం జరుగుతున్నట్టు. చివరికి రేకు డబ్బా పెద్ద మూత మొత్తం విప్పారు. విప్పేసరికి లోపల చక్రం మీద ఎర్రచుక్క.

ఇక్కడే మా వాళ్ళ తెలివి చూడాలి. మా వైపు ఆయుధ పూజకు కొడవలి, కాటా, లారీ, కుట్టుమిషను అన్నిటికీ బొట్టు పెడతారు. ఇనుము మీద ఎర్రగా గుండ్రంగా ఏది కనిపించినా అది బొట్టే. ఇంకొకటి అయ్యే వీలు లేదు. మా నాయన ఏనాడూ బండికి బొట్టు పెట్టినవాడు కాదు. ఆయుధ పూజ రోజున ఆయన చేసేది ప్లగ్గు తీసి శుభ్రం చేయడం. ఆ సంగతి కొడుకుకు తెలియదు. కొడుకు ఆ రోజున ఎప్పుడూ కొత్తబట్టల్లో ఊరి మీద ఉండేవాడు.

"నాయన బొట్టు" అన్నాడట మా అన్న. డాక్టరు చెప్పులు విప్పాడట. నూనెలో కుంకుమ నిలవదు, ఇది నిలిచింది, కాబట్టి మహిమ. ఆ సాయంత్రానికి మండీలో అందరికీ తెలిసింది. కాయలు దించే కూలీల దగ్గరనుంచి పక్క మండీ సేట్ల దాకా వచ్చి చూసిపోయారు. అప్పుడే ఎవరో ఫోటో కూడా తీశారు. అప్పటినుంచి ఏటా ఆయుధ పూజకు మూత విప్పి ఆ చుక్క చుట్టూ పసుపు రాయడం ఆచారమైంది. చైనులో పసుపు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు జివ్వుమంటాయి.

నేను చెప్పకపోలేదు. ఫోనులోనే చెప్పాను, "అన్నా, అది గుర్తు. నేను పెట్టినాను. ఆడ సూసే చైను బిగించాల" అని. మా అన్న నవ్వాడు. "నీకు అన్నిట్లో నువ్వే ఉండాల మ్మా. సచ్చిపోయినోడి బొట్టులో గూడానా" అన్నాడు. మళ్ళీ మదనపల్లె వెళ్ళినప్పుడు ఎదురుగా చెప్పబోతే, "ఆడోళ్ళకు ఎందుకీ పనులు" అని వదిన కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో నోరు మూయించడానికి వాడే మందు కాఫీ.

చైను గలగలమన్నప్పుడల్లా డాక్టరు వచ్చి బిగించేవాడు. ఎట్లా బిగించేవాడో నాకు తెలిసింది తర్వాత, కుప్పంలో.

ఒక ఏడు ఆయుధ పూజకు ముందు మా అన్నకు కొత్త ఆలోచన పుట్టింది. ఆడపడుచు హారతి పడితే మండీకి కలిసొస్తుందని ఎవరో చెప్పారట. నన్ను పిలవడానికి బండిమీదే వస్తానన్నాడు. 'నాయన బండి'మీద కుప్పం దాకా వచ్చి చెల్లెలిని పిలిస్తే చూసేవాళ్ళకు బాగుంటుందని ఆయన లెక్క. డాక్టరును వెనక కూర్చోబెట్టుకుని మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా వచ్చాడు. కుప్పం స్టేషను ముందుకు వచ్చేసరికి బండి కూత పెడుతోంది. గలగల కాదు, సన్నటి కూత. నేను కౌంటరు లోపలినుంచి విన్నాను. కళ్ళు మూసుకున్నా చెప్పగలను, గేరుబాక్సు బేరింగు చచ్చిపోతోందని.

నా తర్వాతి డ్యూటీవాడు అప్పటికే వచ్చి ఉన్నాడు. సీటు అప్పగించి బయటికి వచ్చాను. బండి చుట్టూ జనం. కుప్పంలో బండి ఆగిపోతే మూడు భాషల్లో సలహాలు దొరుకుతాయి. ఒకాయన తమిళంలో కార్బురేటరు అన్నాడు, ఇంకొకాయన కన్నడంలో పెట్రోలులో నీళ్ళన్నాడు, మనవాళ్ళు దిష్టి తగిలిందన్నారు. మూడు భాషల్లోనూ ఒక్కడూ ఎడమవైపు రేకు డబ్బా మీద చెయ్యి వేసి చూడలేదు. నేను వేశాను. వేడికి చెయ్యి చురుక్కుమంది.

"ఆపేసినాక నిమ్మళంగా ఉంటాదిలే. కొంచెం ఆరనీ" అన్నాడు మా అన్న.

నేను డాక్టరు సంచిలోంచి పానా తీసుకుని, ఇంజను చేతికి తేలిగ్గా తిరగాలని ప్లగ్గు విప్పాను. గుండ్రటి మూత తిప్పాను.

"మ్మా, దాన్ని ముట్టుకోవద్దు. ఆడ నాయన బొట్టు ఉండాది."

"నేను చైను ముట్టుకుంటాండాను" అన్నాను.

"అమ్మా, మొన్ననే బిగించి తెచ్చినాము" అన్నాడు డాక్టరు, పిల్లకు చెప్పినట్టు. "వేలు పెట్టి సూసినాను. బాగా ఆడతా ఉండాది."

"బొట్టు యాడుండంగా సూసినావప్పా?"

"కిందికి తిప్పి పెట్టినాను. బొట్టు మీద నూనె సెయ్యి పెట్టకూడదు గదమ్మా. అంతమాత్రం తెలీదా?"

అంతా అర్థమైపోయింది. చుక్క ఉన్నచోటు చూడమని గుర్తు పెడితే ఈ మహానుభావులు భక్తితో చుక్కను కిందికి తిప్పేసి, మిగిలినచోట, అంటే వదులుగా ఉండాల్సినచోట, చూసి బిగిస్తూ వచ్చారు. ప్రతిసారీ. పసుపు రాసి మరీ. మా నాయన జీవితమంతా తప్పించుకున్న ఒకే ఒక్క తప్పును ఆయన పేరు మీద దణ్ణం పెట్టి చేశారు.

గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పాను. ఎర్రచుక్క, దాని చుట్టూ నల్లబడిన పసుపుతో, మూత కిందికి వచ్చింది. "ఇప్పుడు వేలు పెట్టి సూడు" అన్నాను డాక్టరుతో. అతను మా అన్న వైపు చూశాడు. మా అన్న తలూపితే అప్పుడు పెట్టాడు. చైను కదలలేదు. గట్టిగా నొక్కాడు. కడ్డీలాగా ఉంది.

"ఎండకు బిగుసుకొనుంటాది" అన్నాడు.

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మా అన్నతోనే అన్నాను. "అన్నా, అది బొట్టు కాదు. నేనూ నాయనా కలిసి పెట్టిన గుర్తు. నా గోళ్ళ రంగు. అందుకే నూనెకు పోలేదు."

"మళ్ళా అదే మాట. నలుగురిలో నాయన పరువు తీస్తాండావు" అన్నాడు. జనం కూడా నా వైపు చీదరగా చూశారు. ఎవరో ఒక ముసలాయన "అపచారం" అన్నాడు. ఆయనెవరో, ఆయన రైలు ఎప్పుడో, నాకు ఇప్పటికీ తెలియదు.

స్టేషను ఎదురుగా ఒక ఫ్యాన్సీ స్టోరు ఉంది. వెళ్ళి గోళ్ళ రంగు తుడిచే మందు సీసా, గుప్పెడు దూది తెచ్చాను. దూది తడిపి, ఆ మందు వాసన మా అన్నకు తగిలేలా పట్టుకున్నాను.

"కుంకుమకు ఈ మందుతో పనిలేదు. నాయన మహిమయితే దీనికీ పోదు. గోళ్ళ రంగయితే ఒక్క తుడుపుకు పోతాది. తుడవనా?"

నేను దూది మూత దగ్గరికి తీసుకుపోతుంటే మా అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళలోకి చూశాను. ఆయనకు తెలుసు. ఫోనులో నేను మొదటిసారి చెప్పిన రోజునుంచీ తెలుసు. నా మాట అబద్ధమని ఆయన ఏనాడూ అనుకోలేదు, అది బయటికి రాకుండా నవ్వుతూ వచ్చాడు. మూర్ఖుడని ఇన్నేళ్ళూ అనుకున్నానే, అంతకంటే తక్కువవాడని ఆ క్షణంలో అర్థమైంది. మూర్ఖుడయితే నేను క్షమించి ఉండేదాన్నేమో.

డాక్టరును టీకి పంపాడు. నన్ను పార్సెలు ఆఫీసు గోడ పక్కకు తీసుకుపోయాడు. "మండీలో అందరూ దణ్ణం పెట్టుకుంటాండారు మ్మా. కాయలు తెచ్చేవోళ్ళు దాన్ని సూసే మన మండీకి వస్తాండారు" అన్నాడు. నా చేతిలో దూది వైపు చూసి, "బండి నువ్వే పెట్టుకో. ఈ మాట మటుకు ఎవురితోనూ అనొద్దు" అన్నాడు.

'నాయన పక్కన కూర్చున్నది నువ్వే' అని అనలేదు. అని ఉంటే ఆ ఒక్క మాటకు బండి కూడా వదిలేసేదాన్ని. ఆయన దగ్గర ఇవ్వడానికి బండి ఉంది, ఆ మాట లేదు. డాక్టరును తీసుకుని బస్సులో వెళ్ళిపోయాడు. హారతికి మళ్ళీ పిలవలేదు.

మర్నాడు గేరుబాక్సు బోల్టులు వదులుచేసి ముందుకు జరిపాను. పసుపంతా కిరసనాయిలుతో కడిగాను. చుక్కను పైకి తెచ్చి, సగం వేలి మందం ఆడేలా పెట్టి, బయటి చైను సరిచేశాను. బేరింగు బెంగుళూరు నుంచి రైల్లో తెప్పించుకుని మార్చాను. బండి మీద డ్యూటీకి వెళుతుంటే కుప్పం కూడా పుంగనూరు లాగే మూతి తిప్పింది. తిప్పుకోనీ.

చుక్క చెదిరినప్పుడు నేనే మళ్ళీ పెడుతూ వచ్చాను. పాత ఎరుపు ఇప్పుడు దొరకడం లేదు. ప్రస్తుతం బండి లోపల ఉన్నది గులాబీ రంగు.

మొన్న మదనపల్లె వెళ్ళినప్పుడు ఆ ఫోటో చూశాను. అట్టముక్కలా ఉన్న పాత ఫోటోను పెద్దది చేయించి, చుట్టూ బంగారు రంగు కట్టు కట్టించి తగిలించాడు. బండి ఏదని ఒక రైతు అడిగితే, "మా చెల్లెలికి పెట్టినాను, ఆడబిడ్డకు నాయన గుర్తుగా" అంటున్నాడు, నేను అక్కడే కూర్చుని ఉండగా. వదిన కాఫీ తెచ్చింది. తాగలేదు.

ఎవరితోనూ అనొద్దన్నాడు మా అన్న. సరే అని నేను అనలేదు. మా నాయన ఒక చుక్క పెట్టించింది చూడమని, మొక్కమని కాదు. మండీకి వెళ్ళే రైతులు ఎవరైనా ఇది చదివితే, ఈసారి ఆ ఫోటో ముందు చెప్పులు విప్పకండి.